రక్తంలో దారి ఉండదు



కొంచెం పెద్ద పోస్టే. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన ఆదివారం రాత్రి మా హాస్టల్ మిద్దె మీద ఒక మాట నడిచింది. ఫస్టియర్ తమ్ముళ్ళు ముగ్గురు సెలవులకి మాచర్ల దాటి నల్లమల వైపు పోయి, ఒక రాత్రి అడవిలో పడుకుని వద్దామని ప్లాన్ వేసుకున్నారు. వాళ్ళల్లో ఒకడు కాస్త బుద్ధిమంతుడు. "అన్నా, ఒకవేళ దారి తప్పితే ఏం చేయాలి?" అని అడిగాడు. అంతే, మిద్దె మొత్తం నవ్వు. "ఏందిరా, నువ్వు ఎస్టీవేనా?" అని ఒకడు. "అడవి బిడ్డకి దారి తప్పడమేందిరా, బయట అనమాక, పరువు పోద్ది" అని ఇంకొకడు. "మన రక్తంలోనే ఉంటది దారి" అని ఒక సీనియర్ అన్న తేల్చేశాడు. ఆ పిల్లోడు తలకాయ దించుకున్నాడు. ఇంకేం అడగలా.

నేనూ నవ్వాను. అందరూ నవ్వుతుంటే నవ్వాను. రూముకొచ్చి పడుకుంటే నిద్ర రాలా. ఎందుకంటే అదే ప్రశ్న సరైన టైములో అడగనందుకు రెండేళ్ళ కింద ఒక రాత్రంతా నేను వానలో బండరాయి మీద కూర్చున్నా. నా పక్కన నా ఫ్రెండ్ కాలు విరిగి మూలుగుతా పడుకున్నాడు.

అందుకే ఈ పోస్టు. "రక్తంలో దారి" అనే మాట అబద్ధం. ఒట్టి అబద్ధమైతే పోనీలే అనుకోవచ్చు, కానీ అది మన పిల్లల్ని చంపే అబద్ధం. మనల్ని పొగుడుతున్నట్టు ఉంటది కాబట్టి ఎవరూ దాన్ని నిలదీయరు.

ఆ రాత్రి సంగతి చెప్తా. నా ఫ్రెండ్ చెప్పమన్నాడు కాబట్టే చెప్తున్నా, పేరు మాత్రం వద్దన్నాడు. వాడు చెంచు, వెల్దుర్తి మండలంలో వాళ్ళ గూడెం. నేను లంబాడీని, మాది బొల్లాపల్లి మండలంలో తండా. ఇంటర్ సెకండియర్ దసరా సెలవులకి నలుగురం వాళ్ళ గూడెం పోయాం. మిగతా ఇద్దరిలో ఒకడు ఎరుకల అబ్బాయి, ఇంకొకడు నరసరావుపేట టౌనోడు. పొద్దున పదింటికి, పైన ఎక్కడో పాత గుహ ఉందంట చూసొద్దామని బయల్దేరాం. నలుగురికి లీటర్ బాటిళ్ళు రెండు, కుర్‌కురే ప్యాకెట్లు, కాళ్ళకి స్లిప్పర్లు. వాళ్ళమ్మ ఎక్కడికిరా అంటే "కొండకి పోయొస్తాం" అన్నాం. ఏ కొండకో చెప్పలా.

గుహ కనపడలా. రెండింటికి వెనక్కి తిరిగాం. మేకలు నడిచే దారి ఒకచోట మూడుగా చీలింది. ముగ్గురం వాడి మొహం చూశాం. ఎవరూ ఏమీ అనలా, ఊరికే చూశాం. వాడు ఒక నిమిషం నిలబడి, చేత్తో ఎడమవైపు చూపించాడు. మేం నడిచాం. వాడు చెంచు కదా, ఇంక అడిగేదేముంది?

గంటన్నర తర్వాత అది మేము వచ్చిన దారి కాదని అందరికీ అర్థమైంది. అప్పుడు నేనొక తెలివైన మాట చెప్పా. యూట్యూబ్‌లో చూశా: వాగు పట్టుకుని కిందకి నడిస్తే ఎప్పటికైనా ఊరు తగులుద్దంట. పట్టుకున్నాం. వాగు రెండు నిలువుల లోతు రాతి గోడ మీద నుంచి కిందకి దూకింది. ముందు ఎవరు దిగాలి? మళ్ళీ ముగ్గురం వాడి మొహమే చూశాం. వాడు దిగాడు. సగంలో స్లిప్పర్ జారింది. చీలమండ దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు పైకి వినపడింది.

ఆరింటికి చీకటి పడింది. వాన మొదలైంది. రెండు ఫోన్లు అప్పటికే వీడియోలు తీసి తీసి చచ్చిపోయినయ్, మూడోదానికి సిగ్నల్ లేదు. తెల్లారి ఎనిమిదింటప్పుడు వాళ్ళ చిన్నాయన, ఇద్దరు మేకలోళ్ళు వచ్చి మమ్మల్ని పట్టుకున్నారు. రాత్రి సగం దాకా ఆయన వేరే కొండ మీద వెతికాడంట. కొండ అని మాత్రమే చెప్పాం కదా. తెల్లారాక ఇటు తిరిగి, బురదలో జారిన స్లిప్పర్ గుర్తు చూసి, ఒక కుర్‌కురే కవర్ చూసి, మా దాకా వచ్చాడు. వచ్చి మమ్మల్ని తిట్టలా. వాడి కాలికి వెదురు బద్దలు కట్టుకుంటా ఒక మాటన్నాడు: "ఈడి కాలు ఇరిగింది కాబట్టి మీరు ఒకచోట కూచున్నారు. లేకపోతే నడుస్తానే ఉందురు."

అసలు మాట నాలుగు నెలల తర్వాత, వాడు మామూలుగా నడవడం మొదలుపెట్టాక చెప్పాడు. "నేను ఆ కొండకి చివరిసారి పోయింది ఏడేళ్ళప్పుడురా, మా నాయన భుజం మీద. మూడు దార్ల కాడ నాకేం తెలవలా. తెలవదు అని చెప్పాలంటే సిగ్గేసింది. చెంచోడివి నీకే తెలవకపోతే ఎట్టారా అంటారని."

ఈ మాట ఒక్కసారి మళ్ళీ చదవండి. వాడి కాలు విరగ్గొట్టింది రాయి కాదు. మేం ముగ్గురం చూసిన చూపు.

ఇప్పుడు మన లెక్క మనం తీసుకుందాం. నన్ను మూడో తరగతిలో ఆశ్రమ పాఠశాలలో వేశారు. నాకిప్పుడు ఇరవై. పన్నెండేళ్ళుగా నేను హాస్టల్ గంట కొడితే లేస్తున్నా, హాస్టల్ గంట కొడితే తింటున్నా. తండాలో ఉండేది ఏడాదికి రెండు నెలలు, అందులో సగం మిరపకాయ కోతల్లో. మా బా, యాడి చదువుకోలా, నేను కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి, హాస్టల్ లేకపోతే అది లేదు. కాబట్టి హాస్టల్ మీద నాకు కోపం లేదు. కానీ ఆ పన్నెండేళ్ళలో నేను నేర్చుకోనిది ఏంటో నాకు తెలియాలి కదా? మా దాది పది రకాల దుంపల పేర్లు చెప్పిద్ది. నేను ఒకటి కూడా గుర్తుపట్టలేను. నేను బోండా గుర్తుపడతా.

పైగా మేం లంబాడీలం అసలు అడవోళ్ళమేనా అంటే అది కూడా ఆలోచించాలి. మా ముందరి వాళ్ళు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన బాటసారులు. వాళ్ళకి దారులు తెలుసు, నీళ్ళు ఎక్కడ దొరికేదీ తెలుసు, నడిచారు కాబట్టి తెలుసు. చెంచుల విద్య వేరు, ఎరుకల విద్య వేరు, యానాదుల విద్య వేరు. అన్నీ కలిపి "అడవి బిడ్డలు" అని ఒక స్టిక్కర్ వేసింది ఎవరు? బయటోళ్ళు. ఆ స్టిక్కర్‌ని మనమే చొక్కా మీద అంటించుకుని తిరుగుతున్నాం.

స్టిక్కర్ ఎంత పని చేస్తదో ఇంకోటి చెప్తా. ఒకసారి ఒక క్యాంపుకి పోయాం, ఎక్కడ, ఎవరు అన్నది వదిలేయండి. ముళ్ళ పొదలున్న గుట్ట ఎక్కాలి. కూడా వచ్చిన సారు నవ్వుతా "ఎస్టీ హాస్టల్ వాళ్ళు ముందు నడవండయ్యా, మీకు అలవాటే కదా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. పాము ఉంటే ముందు మాకు తగలాలి, దారి తప్పితే మా తప్పు అవ్వాలి. "మీకు భయం ఉండదు" అనే మాటలో పొగడ్త ఎంత ఉందో, "మీకేమైనా పర్లేదు" అనేది కూడా అంతే ఉంది. మనం దానికి ఛాతీ విరుచుకుంటున్నాం.

"మరి కొలంబియా పిల్లల సంగతేంటి" అని ఆ రోజు మిద్దె మీద అన్న సీనియర్ అన్నకి జవాబు. నిజమే, 2023 మే 1న అమెజాన్ అడవిలో చిన్న విమానం కూలింది. తల్లితో సహా పెద్దోళ్ళంతా చనిపోయారు. హుయిటోటో ఆదివాసీ పిల్లలు నలుగురు 40 రోజులు అడవిలో బతికి, జూన్ 9న దొరికారు. పెద్దపిల్లకి 13 ఏళ్ళు, చిన్నదానికి ఏడాది కూడా నిండలా. నేను ఆ వార్త చదివి ఏడ్చాను. కానీ అన్నా, ఆ పిల్లని బతికించింది రక్తం కాదు. వాళ్ళ అమ్మమ్మ. ఏ కాయ తినొచ్చు, ఏది తినకూడదు, నీడ ఎట్టా కట్టుకోవాలి అన్నది చిన్నప్పటి నుంచి నేర్పింది. కూలిన విమానంలో నుంచి కర్రపెండలం పిండి తీసి దగ్గర పెట్టుకుంది, అంటే బుర్ర పనిచేసింది. వాళ్ళని వెతికింది కూడా సైనికులూ, అక్కడి ఆదివాసీలూ కలిసి. నేర్పిన మనిషిని పక్కన పెట్టి, క్రెడిట్ మొత్తం రక్తానికి ఇస్తే ఆ అమ్మమ్మకి మనం అన్యాయం చేసినట్టే.

ఇక రెండో గుంపు సంగతి. అడవంటే సామాన్ల లిస్టు అనుకునేవాళ్ళు. టెంటు, హెడ్‌ల్యాంపు, మడిచే కుర్చీ, కాఫీ కాచుకునే స్టవ్వు. వాళ్ళ టిప్పుల్లో సగం ఎక్కడో చలిదేశాల్లో రాసినవి. చెట్టుకి నాచు ఏ వైపుంటే అది ఉత్తరమంట. రెంటచింతల ఎండలో చెట్టుకి నాచా? ధ్రువ నక్షత్రం చూసి నడవమంటారు. మనం ఉన్నది భూమధ్యరేఖకి 16 డిగ్రీల పైన, కాబట్టి ధ్రువ నక్షత్రం మనకి ఆకాశంలో 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటది. చెయ్యి చాపి పిడికిలి పెడితే ఒకటిన్నర పిడికిలి. ముందు ఒక చెట్టో గుట్టో ఉంటే చాలు, కనపడదు. వానాకాలం అయితే అసలు ఆకాశమే ఉండదు.

నేను నమ్మిన వాగు టిప్పు అన్నిటికన్నా ఘోరం. మన వాగులు ఎక్కడికి పోతయ్? కృష్ణలోకి. మాచర్ల పక్కన పారే చంద్రవంకనే తీసుకోండి. దాన్ని పట్టుకుని కిందకి నడిచినోడు ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల అంచు మీద తేలతాడు. కింద మొసళ్ళు కూడా ఉన్నయ్, పెంపక కేంద్రమే ఉంది. నల్లమల అంచున వాగు అంటే సగం చోట్ల లోయ, రాతి గోడ, గుండం. ఊరు కాదు.

వాగు గురించి అసలు నేర్చుకోవాల్సింది ములుగు జిల్లాలో జరిగింది. 2023 జులైలో వెంకటాపురం మండలంలో ముత్యాలధార జలపాతం చూడటానికి పోయిన 80 మందికి పైగా మధ్యలో వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. ఫోన్ కలిసింది. వాగు దాటొద్దు, ఉన్నచోటే ఉండండి అన్నారు. ఉన్నారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్ళు రాత్రిపూట పోయి అందరినీ బయటికి తెచ్చారు. అందులో ఒక పదిమంది "మాకు ఈత వచ్చు" అని దూకి ఉంటే వార్త వేరే రకంగా ఉండేది.

కాబట్టి ఆ ఫస్టియర్ తమ్ముడికి నేను ఇవ్వాల్సిన జవాబు ఇక్కడ ఇస్తున్నా. దారి తప్పావని అనుమానం వచ్చిన చోటే ఆగు. ఇంకో పది అడుగులు చూద్దాం అనొద్దు, ఆ పది అడుగులే నిన్ను దారికి దూరం చేసేది. కూర్చో. నీళ్ళు తాగు. చివరిసారి ఎక్కడ "ఇది కరెక్టే" అని గట్టిగా అనుకున్నావో గుర్తు తెచ్చుకో. అది కళ్ళకి కనపడేంత దగ్గరైతేనే వెనక్కి పో. లేకపోతే అక్కడే ఉండు. భయంతో నడిచేవాడు తిన్నగా నడవడు. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్ళు 2009లో దీని మీద పరీక్ష చేశారు. మనుషుల్ని పెద్ద అడవిలో వదిలి తిన్నగా నడవమన్నారు. ఎండ కనపడిన రోజు నడిచారు. మబ్బు పట్టిన రోజు గుండ్రంగా తిరిగి తమ అడుగుల్నే తాము దాటుకున్నారు, అదీ తిన్నగా పోతున్నామనే నమ్మకంతో.

మా దాది దగ్గర దీనికి వేరే కథ ఉంది. అడవిలో మరులు తీగ అని ఒకటి ఉంటదంట, తెలియక తొక్కితే తిరిగిన చోటే తిరుగుతామంట. విరుగుడు ఏందంటే అక్కడే కూర్చుని, తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుని, ఒక చుట్ట కాల్చి అప్పుడు లేవాలంట. చిన్నప్పుడు మూఢనమ్మకం అని నవ్వేవాణ్ణి. చుట్ట తీసేస్తే మిగిలేది ఏంటి? ఆగు, కూర్చో, ఊపిరి తీసుకో, తర్వాత ఆలోచించు. మా దాది చెప్పిందీ, చిన్నాయన చెప్పిందీ, ఆ పరీక్ష చెప్పిందీ ఒకటే.

ఫోన్ సంగతి కూడా. సిగ్నల్ లేకపోతే మ్యాప్ పనిచేయదు అని మనోళ్ళు చాలామంది అనుకుంటారు. జీపీఎస్‌కి టవర్‌తో పనిలేదు, పైన ఉపగ్రహాలతో పని. ఆ ప్రాంతం మ్యాప్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నువ్వెక్కడున్నావో చూపిస్తది. నీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112 కి కాల్ పోద్ది. కాల్ నిలవకపోతే మెసేజ్ పెట్టు, అది ఒక్కోసారి దూరిపోద్ది. మిగతా టైమంతా ఫ్లైట్ మోడ్. రీల్స్ తర్వాత తీసుకోవచ్చు. "ఫోన్ చూసి నడిచేవాడు అడవి బిడ్డేనా" అంటారా? నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో బేస్ క్యాంపుల్లో గస్తీ తిరిగేది ఎక్కువగా చెంచులే. పులుల అభయారణ్యాల్లో గస్తీకి ఎం-స్ట్రైప్స్ అని ఫోన్ యాప్ వాడతారు. అడవి తెలిసినోళ్ళ చేతిలోనే ఫోన్ ఉంది, తెలియని మనకి నామోషీనా?

ఆ నల్లమల ఎలాంటిదో మనకి ఎవరూ చెప్పక్కర్లా. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి ఎక్కిన హెలికాప్టర్ అందులో కనపడకుండా పోతే, రాష్ట్రం, కేంద్రం, వైమానిక దళం మొత్తం దిగి వెతికినా పావురాలగుట్ట మీద ఆచూకీ దొరికింది మరుసటి రోజు పొద్దున. స్లిప్పర్లు వేసుకున్న నలుగురు ఇంటర్ పిల్లలు దానికి ఎంత?

రాత్రి పడుకోవడం గురించి రెండు ముక్కలు. ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉందని అందులో పక్క వేయొద్దు. నీ నెత్తిన చుక్క పడకపోయినా పైన ఎక్కడో కురిసిన వాన అర్ధరాత్రి నీ మీదకి వస్తది. నేల మీద పడుకున్నవాణ్ణి కట్లపాము కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతయ్. దోమతెర చాప కిందకి దోపుకుని పడుకుంటే చాలావరకు తప్పిద్ది, టెంటే కొనక్కర్లా. కాటు పడితే కొయ్యడం, పీల్చడం, వేరు నూరడం ఏమీ వద్దు. కదలకుండా మోసుకుని యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. ఈ ఒక్క విషయంలో పెద్దోళ్ళు వేరు నూరుతామన్నా వినొద్దు. ఇప్పపూల కాలంలో చీకటితో చెట్ల కిందకి పోవద్దు, ఎలుగుబంటి నీకన్నా ముందే వచ్చి ఉంటది. నడిచేటప్పుడు మాట్లాడుకుంటా నడవండి. ఎండాకాలం అసలు పోవద్దు, పల్నాడు ఎండలో రెండు లీటర్లు ఒక మనిషికి మధ్యాహ్నం దాకా కూడా రావు.

ఇంకో చేదు మాట. ఎస్టీ సర్టిఫికెట్ అడవికి ఎంట్రీ పాస్ కాదు. అభయారణ్యంలోకి పోవాలంటే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది ఆ అడవి మీద బతికే మనుషులకి, సెలవులకి వచ్చే మనకి కాదు. మేం ఆ రోజు రిజర్వ్ ఫారెస్ట్ బోర్డు పక్కనుంచే ఈల వేసుకుంటా పోయాం. రేపు మనం చేసిన పనికి బీట్ ఆఫీసరు వచ్చి గూడెం వాళ్ళనే నిలబెట్టి అడుగుతాడు. తేనెకి పోయే మనిషికి మనం తెచ్చిపెట్టే గొడవ అది.

"నువ్వు మన జాతిని తక్కువ చేస్తున్నావ్" అని కామెంట్ పెట్టబోయే అన్నకి ముందే చెప్తున్నా. వాళ్ళ చిన్నాయన వానలో తడిసిన బురదలో ఒక్క స్లిప్పర్ గీత చూసి మమ్మల్ని పట్టుకున్నాడు. అది చదువు. మనం డిగ్రీ మూడేళ్ళు చదివినట్టు ఆయన నలభై ఏళ్ళు చదివాడు. దాన్ని "రక్తం" అంటే ఆయన కష్టాన్ని తీసి గాలికి ఇచ్చినట్టు. చదువు అంటే అడిగి నేర్చుకోవచ్చు, తెలవదని చెప్పొచ్చు, ఫీజు కట్టొచ్చు. రక్తం అంటే మాత్రం తెలియనివాడు నోరు మూసుకుని ముందు నడవాలి.

సంక్రాంతి సెలవుల్లో కనుమ తర్వాత మూడు రోజులు వాళ్ళ చిన్నాయన మమ్మల్ని తిప్పుతానన్నాడు. గూడెం వాళ్ళు మేకలు తోలే గుట్టలే, లోపలి అడవి కాదు. బీట్ ఆఫీసరుకి ముందే చెప్తాం. ఆయనకి రోజు కూలీ 700, మేక తోలే పని ఆపుకుని వస్తాడు కాబట్టి అది ఆరుగురం పంచుకోవాలి, "మన మామే కదా" అని ఎగ్గొట్టేవాడు రావద్దు. ప్రతి గుట్ట పేరు, ప్రతి చెలమ పేరు ఆయన చెప్పింది చెప్పినట్టు నోట్సులో రాయాలి. స్లిప్పర్లు వద్దు, బూట్లు లేకపోతే పీఈటీ క్లాసు కాన్వాస్ షూలైనా సరే. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఒక ఈల, ఒక టార్చి, పాత దోమతెర. ఎవరెవరు, ఏ గుట్ట, ఎన్నింటికి తిరిగొస్తాం అన్నది కాగితం మీద రాసి ఒకటి వాళ్ళమ్మ దగ్గర, ఒకటి హాస్టల్ వాచ్‌మన్ దగ్గర పెడతాం.

మిద్దె మీద ప్రశ్న అడిగిన తమ్ముడి పేరు మొదట రాశాను. నా ఫ్రెండ్ కూడా వస్తానన్నాడు. ఈసారి ముందు నడవడంట, చిన్నాయన వెనకాల రెండో మనిషిగా నడుస్తాడంట. నాతో కలిపి ముగ్గురం అయ్యాం. ఇంకా ముగ్గురికి చోటుంది, వచ్చే ఆదివారం లోపు చెప్పండి.